మూడు మెట్లు, నాలుగు గడపలు

తెనాలిలో మా ఇంటికి మూడు మెట్లు, నాలుగు గడపలు ఉన్నాయన్న సంగతి నాకు ఇరవై రెండేళ్లు కాపురం చేశాక తెలిసింది. అంతకు ముందు వాటిని లెక్కపెట్టే పని పడలేదు.

ఒక పెళ్లి భోజనం తర్వాత మూడు రోజులు విరోచనాలయ్యాయి. తగ్గిపోయాయి, మర్చిపోయాను. పది రోజులకి అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. బడి వరండాలో నా చెప్పు ఊడిపోతే, "టీచర్, చెప్పు!" అని పిల్లలు అరిచేదాకా నాకు తెలియలేదు. మర్నాడు చీర కట్టుకుంటుంటే వేళ్లు కుచ్చిళ్లు పట్టలేదు. దగ్గర్లో చూపిస్తే నీరసమన్నారు, బి12 సూదులు రాశారు. అక్కడ రెండు రోజులు పోయాయి. మూడో రోజు పొద్దున బాత్రూములో కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మా ఆయన చంకల కింద చేతులు వేసి లేపారు.

గుంటూరులో డాక్టరు గారు చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టారు. కాలు ఉలకలేదు, పలకలేదు. ఆయన మొహం చూసే నాకు భయమేసింది. వెన్నులో నీరు తీసి పరీక్ష చేసి జీబీఎస్ అన్నారు. పూర్తి పేరు గులియన్ బారీ సిండ్రోమ్. 2025 జనవరిలో పుణెలో కేసులు ఎక్కువై పేపర్లలో వచ్చింది చూడండి, ఆ జబ్బే. నాకు దానికి ముందు ఏడాదే వచ్చింది, అందుకని చుట్టాల్లో ఎవరికీ పేరు నోరు తిరగలేదు, "నరాల వీక్‌నెస్" అనుకున్నారు. విరోచనాలు తెచ్చిన క్రిమి మీదకి లేచిన మన రక్షణ వ్యవస్థ, పొరబడి మన నరాల మీది పొరనే కొరికేస్తుందట.

ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు, అంటే దాతల రక్తం నుంచి తీసిన రక్షణ ప్రోటీన్ల మందు. కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాములు. నేను 60 కిలోలు, అంటే రోజుకి 24 గ్రాములు. దాని ధర విన్నాక, బరువెంత అని నర్సమ్మ అడిగితే రెండు కిలోలు తగ్గించి చెప్పబుద్ధయింది. నాలుగ్గంటలకోసారి ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమనేవారు, ఊపిరి కండరాలు ఎలా ఉన్నాయో చూడటానికి. మూడో రోజు రాత్రి పధ్నాలుగు దగ్గర ఆగిపోయాను. లెక్కల టీచర్ని. వెంటిలేటరు సిద్ధం చేసి పెట్టుకున్నారు గానీ ఆ అవసరం రాలేదు.

పందొమ్మిదో రోజున ఇంటికొచ్చాను. చేతులు కాస్త తేరుకున్నాయి, కాళ్లు తేరుకోలేదు. కారు దిగి చక్రాల కుర్చీలో కూర్చున్నాక ఎదురుగా ఆ మూడు మెట్లు. పక్కనే స్కూటరు ఎక్కించుకోవడానికి కట్టుకున్న వాలు ఉందిగా అని మా ఆయన దాని మీదకి నెట్టారు. సగం ఎక్కేసరికి కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. నాకు ఆకాశం కనపడింది, ఆ పైన మామిడికొమ్మ, దాని మీద కాకి. మా అబ్బాయి వెనకనుంచి పట్టుకోకపోతే మళ్లీ గుంటూరే.

మేస్త్రి వచ్చి, "బండి ఎక్కుతోంది కదమ్మా, కుర్చీ ఎక్కదా?" అన్నాడు. బండికి ఇంజను ఉంది నాయనా, అన్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన లెక్క ఇది: అంగుళం ఎత్తుకి పన్నెండంగుళాల పొడవు. మా మెట్లు మూడూ కలిపి 18 అంగుళాలు, కాబట్టి 18 అడుగుల వాలు కావాలి. గేటు దాకా ఉన్నదే పదకొండు అడుగులు. చివరికి గోడ వెంట తొమ్మిది అడుగులు, కుర్చీ తిప్పుకోవడానికి ఐదడుగుల చదును, మళ్లీ వెనక్కి తొమ్మిది అడుగులుగా కట్టించాం. అత్తయ్య మల్లెపొద పోయింది. ఆవిడ ఒక్క మాటా అనలేదు. మేస్త్రి సిమెంటు నున్నగా తోమబోతే, పచ్చిగా ఉండగానే దాని మీద కొబ్బరి చీపురుతో గీతలు లాగించాను. వానలో జారకుండా ఉండాలంటే అదే మందు.

అసలు గొడవ గడపల దగ్గర వచ్చింది. పడగ్గది గడప, వంటింటి గడప తీసేస్తామంటే అత్తయ్య సరేనంది. వీధి గడప మాట ఎత్తగానే, "నన్ను తీసేసి అప్పుడు దాన్ని తీయండి" అంది. శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడప, లక్ష్మి కూర్చునే చోటు. కోపం రాలేదంటే అబద్ధం. నా కాళ్ల కంటే ఆ చెక్క ఎక్కువా అని రాత్రంతా ఏడ్చాను. వడ్రంగి తేల్చాడు: గడప జోలికి పోకుండా, లోపలా బయటా చెరొక వేపచెక్క వాలు చేసి ఆనించాడు. మొదటి శుక్రవారం అత్తయ్య గడపతో పాటు ఆ చెక్కలకీ పసుపు రాసింది. తడారకుండానే నన్ను బయటికి తీసుకెళ్లి తెచ్చారు. హాలంతా రెండు పచ్చటి గీతలు. "తుడవకండి" అంది ఆవిడ.

బాత్రూము మాత్రం మూడుసార్లు చేయించాం. తలుపు రెండడుగులు, కుర్చీ దాని కంటే వెడల్పు. ముందు తలుపు పీకేసి పరదా కట్టాం. నలభై ఆరేళ్ల ఆడదానికి పరదా వెనక స్నానమంటే ఎలా ఉంటుందో చెప్పను. తర్వాత గోడ కొట్టించి మూడడుగులు చేసి, తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించాం. లోపల మనిషి పడి తలుపుకి అడ్డమైతే తీయడం కుదరదు కదా. అక్కడి గడప కూడా తీయించి, నీళ్లు గదిలోకి రాకుండా నేల వాటం తూము వైపు మార్పించాం. పట్టుకోవడానికి ప్లంబరు ఏదో కడ్డీ బిగించాడు. నేను బరువు వేసిన రెండో రోజే అది టైలుతో సహా ఊడి చేతికొచ్చింది. చూస్తే తువ్వాలు ఆరేసుకునే కడ్డీ! మోచెయ్యి వాచింది, అంతే, అదృష్టం. ఇప్పుడున్నది గోడలోకి బోల్టులు దిగేసిన స్టీలు గొట్టం, మా అబ్బాయి ఇద్దరు స్నేహితులతో కలిసి వేలాడి పరీక్షించాడు.

తొడల్లో బలం లేని మనిషికి పల్లంలో కూర్చుంటే లేవడం గగనం. మంచం కోళ్ల కింద దిమ్మలు, కమోడ్ మీద ఎత్తు సీటు. ఇవి చిన్నవే గానీ, "ఏమండీ, కాస్త లేపండి" అనే పిలుపు రోజుకి పదిహేను నుంచి రెండుకి దిగింది.

ఈ జబ్బు కింద నుంచి పైకి ఎక్కుతుంది, దిగేటప్పుడు పై నుంచి కిందికి దిగుతుంది. దెబ్బతిన్న నరం రోజుకి సుమారు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. నడుము నుంచి నా బొటనవేలికి ఎన్ని మిల్లీమీటర్లో టేపుతో కొలిచి, మళ్లీ ఎప్పుడూ కొలవలేదు. నాలుగు నెలలు కుర్చీ, తర్వాత వాకరు, ఇప్పుడు చేతికర్ర. బడికి వెళ్తున్నాను. అక్కడ ర్యాంపు ఎప్పట్నుంచో ఉంది, దాని మీద పూలకుండీలు పెట్టి ఉన్నాయి. చేరిన రోజే తీయించాను.

ఇంట్లో మిగిలింది డాబా. పదిహేడు మెట్లు, ఒకవైపే కమ్మీ. అత్తయ్య పైన వడియాలు పెడుతుంటే పోయిన ఆదివారం ఏడు మెట్లు ఎక్కాను. ఎనిమిదో దాని మీద కూర్చుండిపోయాను. ఆవిడ పైనుంచి వంగి చూసి, "అక్కడే ఉండు, పిండి రుచి చూద్దువుగాని" అని గిన్నె పట్టుకుని దిగొచ్చింది. ఉప్పు తక్కువైంది.