కొడతాడా అని మాత్రమే అడిగాను

రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా చెల్లి నాలుగు రోజులు పుట్టింటికొచ్చింది. మేడమీద అమ్మ, నేను, అది కలిసి సగ్గుబియ్యం వడియాలు పెడుతున్నాం. ఫోన్ మోగింది. 'ఎక్కడున్నావు? ఫోటో పెట్టు' అని వాళ్లాయన మెసేజ్. చేతులు కడుక్కోవడానికి కూడా ఆగలేదు. గంజి వేళ్లతోనే వడియాల గుడ్డా, మేమిద్దరమూ పడేలా ఫోటో తీసి పంపింది. గంటకి మళ్లీ మెసేజ్. మళ్లీ ఫోటో. స్క్రీన్ మీద ఎండి తెల్లగా అయిన ఆ మరకలు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

"ఒక్క పూట చూడకుండా ఉండలేడు" అని అమ్మ మురిసిపోయింది.

ఆ రాత్రి నేను అడిగాను, కొడతాడా అని. "ఛ, లేదక్కా." తాగుతాడా? లేదంది. హమ్మయ్య అనుకుని పడుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. జీతం దానిది, ఏటీఎం కార్డు అతని పర్సులో. ఓటీపీలు అతని ఫోన్‌కే వస్తాయి. ఇంట్లో ఒక పొడుగు నోట్‌బుక్. కొత్తిమీర 10, షేర్ ఆటో 20, మాత్రలు 35. రాత్రి భోజనాలయ్యాక లెక్క చూస్తాడు. పది రూపాయలు తేడా వచ్చినా అరవడు. మూడు రోజులు మాట్లాడడు, ఇది వండింది ముట్టడు. ఇది బతిమాలి బతిమాలి అలసిపోయాక మామూలవుతాడు. ఫ్రెండ్స్ ఒక్కొక్కరే దూరమయ్యారు. మేం ఫోన్ చేస్తే ఎప్పుడూ స్పీకర్‌లోనే. "బాగున్నానక్కా" అనే మాట రోజూ ఒకేలా వినిపించేది, నేను పట్టించుకోలేదు.

తెలిశాక ఆవేశంలో నేనో పెద్ద తప్పు చేశాను. నేరుగా అతనికే ఫోన్ చేసి కడిగేశాను. నెలన్నర పాటు చెల్లి గొంతు వినలేదు. మీ ఇంట్లో ఇలాంటిది కనబడితే దయచేసి ఆ పని చేయకండి. ముందు ఆమెతో మాట్లాడండి, అదీ అతను చూడని ఫోన్‌లో. పాస్‌వర్డులన్నీ ఒకేసారి మార్చేయమని కూడా చెప్పకండి, వెంటనే పసిగడతారు. బయటికొచ్చే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. సర్టిఫికెట్లు, ఆధార్, పాస్‌బుక్ ఒక్కొక్కటిగా మా ఇంటికి చేరాకే చెల్లి గడప దాటింది.

మహిళల హెల్ప్‌లైన్ 181కి చేస్తే, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రానికి రమ్మన్నారు. అక్కడి మేడమ్ కొట్టాడా అని మొదలుపెట్టలేదు. "ఎవర్నీ అడక్కుండా నువ్వు ఏమేం చేయగలవమ్మా?" అంది. చెల్లి చాలాసేపు ఆలోచించింది. చివరికి "స్నానం" అంది. నేను బయటికెళ్లి వరండాలో ఏడ్చాను.

ఒంటి మీద దెబ్బ లేకపోతే కేసే లేదనుకునేదాన్ని. 2005 గృహహింస చట్టంలో మాటలతో, మనసుకి పెట్టే హింసా ఉంది, డబ్బు చేతికి రానివ్వకపోవడమూ ఉంది. కలిసి కాపురమున్న ఇంట్లో, అది అతని పేరున ఉన్నా సరే, ఉండే హక్కు భార్యకి ఉంది. ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్ రిపోర్టు రాసి మేజిస్ట్రేట్‌కి పంపుతారు. ఆదాయం ఎంతైనా ఆడవాళ్లకి లాయర్ ఉచితం, న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి చేస్తే చెబుతారు. ప్రాణం మీదికొస్తే మాత్రం 112.

"కొట్టకపోయినా కోర్టుకా?" అన్న బంధువులున్నారు. ఆ నోట్‌బుక్ తెరిచి వాళ్ల ముందు పెట్టాను. మా పెద్దత్త రెండు పేజీలు చదివి, ఏమీ అనకుండా చెల్లి తల నిమిరింది.

చెల్లి ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. కొత్త అకౌంట్, కొత్త నంబరు. కేసు నడుస్తోంది. మొన్న ఆదివారం ఇద్దరం దోసెలు వేస్తుంటే ఫోన్ మోగింది. పిండి చేత్తోనే పరిగెత్తింది. మోగింది నా ఫోన్.