ఆయా, ప్రెసిడెంట్ లవ్ స్టోరీ రాయడానికి నేను పడ్డ తిప్పలు

రొమాంటిక్ కామెడీయే కదా, రెండు నెలల్లో రాసి పడేయొచ్చు అనుకున్నా. నవ్వడం మర్చిపోయిన ఒక ప్రెసిడెంట్, భార్య పోయింది, ముగ్గురు పిల్లలు, వాళ్ళని చూసుకోడానికి వచ్చిన ఆయా. (ముందు నానీ అని రాసా, చదివిన ప్రతివాడూ హీరో నాని ఎప్పుడొస్తాడు అని అడుగుతుంటే విసుగొచ్చి మార్చేశా.)

మొదటి డ్రాఫ్ట్ 140 పేజీలు వచ్చింది. స్క్రీన్‌ప్లేలో పేజీకి సుమారు ఒక నిమిషం లెక్క, అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు నవ్వించాలి, అంత సరుకు నా దగ్గర ఉందా అని అప్పుడే డౌటొచ్చింది. ఫ్రెండ్‌కి ఇస్తే మొత్తం చదివి ఒక్కటే అడిగింది, "ఆయన ఐ లవ్ యూ అన్నాక ఈ పిల్ల కాదంటే ఉద్యోగం ఉంటుందా?" అని. నోట మాట రాలేదు. నేను ప్రేమ అనుకుని రాస్తున్నా గానీ, అతను ఆవిడకి జీతమిచ్చే మనిషి, పైగా దేశం మొత్తానికి బాసు.

సరే అని పాతవి తిరగేసా. 1862లో అన్నా లియోనోవెన్స్ సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) వెళ్ళి రాజు మోంగ్‌కుట్ పిల్లలకి పాఠాలు చెప్పింది, ఆ ఇద్దరి మధ్యా ఏదో ఉన్నట్టు చూపించింది తర్వాత కథలు అల్లినవాళ్ళే. 1997లో వచ్చిన ది బ్యూటీషియన్ అండ్ ది బీస్ట్ కూడా చూశా, అందులో టిమోతీ డాల్టన్ ఊహాదేశపు నియంత, ఫ్రాన్ డ్రెషర్‌ని టీచర్ అనుకుని పిల్లల కోసం తెప్పించుకుంటారు. అందరూ వణికే మనిషి ముందు ఆవిడ ఒక్కతే వణకదు, కామెడీ అంతా అక్కడే ఉంది.

ఇంకో తప్పు కూడా దొరికింది. మావాడు ఎంత స్ట్రిక్టో చూపిద్దామని మూడో సీన్లోనే ఒక జర్నలిస్టుని జైల్లో వేయించా, ఇక పదో సీన్లో మావాడు నవ్వితే ఎవడికి కావాలి? కోపిష్టి వేరు, క్రూరుడు వేరు. ఆ సీన్ పీకేసి ఎన్నికల్లో గెలిచిన లీడర్‌ని చేశా, తన మీద తనకే స్ట్రిక్టు, మీటింగ్ నిమిషం దాటితే లేచి వెళ్ళిపోయే రకం.

అప్పుడు పుట్టింది పన్ను సీను. కేబినెట్ మీటింగ్ మధ్యలో చిన్నదాని పాలపన్ను ఊడి టేబుల్ కిందకి దొర్లిపోతుంది, పిల్ల ఒకటే ఏడుపు, ఈయనేమో "ఇది ఎజెండాలో లేదు" అంటాడు, ఆయా ఎజెండా కాగితం తీసుకుని ఆఖర్న "పన్ను" అని పెన్నుతో రాసి చేతికిస్తుంది. కాసేపటికి మంత్రులంతా మోకాళ్ళ మీద ఉంటారు. నిజం చెప్తున్నా, రాస్తూ నేనే నవ్వుకున్నా.

ఉద్యోగం గొడవకి మాత్రం ఒకటే దారి తోచింది, 82వ పేజీలో ఆవిడ చేత రిజైన్ చేయించా, ప్రేమ మాట అంతా ఆ తర్వాతే. ఈయన ఆవిడ ఇంటికి వెళ్తాడు, ఎప్పుడూ ఎవరో ఒకరు తలుపు తీసే మనిషి కదా, బెల్ కొట్టాలని కూడా తోచక అలా నిలబడిపోతాడు.

ఇప్పుడు 108 పేజీలకి తెచ్చి మళ్ళీ ఫ్రెండ్‌కి పంపా. ఇంతకీ ఆ పన్ను దొరికిందా లేదా అని మెసేజ్ పెట్టింది. అది రాయడమే మర్చిపోయా.