ముప్పై దగ్గర ఆన్, ఎనభై దగ్గర ఆఫ్

మే నెల, గురువారం. విజయవాడ.

పొద్దున ఆరున్నరకి ఫోన్ ఛార్జి 100 శాతం. దానికి తొడిగేది బ్యాటరీ కేసు, అంటే లోపలే పవర్ బ్యాంకు ఉన్న కవరు. కేసు వెనక నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి. ఫోన్ ఐఫోన్ 11, దాని బ్యాటరీ 3110 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత). కేసు మీద 5000 అని రాసుంది. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే ఒకటిన్నర సార్లకు పైనే ఛార్జింగ్ ఎక్కాలనిపిస్తుంది. ఎక్కదు. ఎంఏహెచ్ ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది, వోల్టులనూ కలుపుకుని అసలు శక్తి ఎంతో చెప్పే వాట్ అవర్లు చూడాలి. కేసులో సెల్ 3.7 వోల్టులది, కాబట్టి మొత్తం 18.5 వాట్ అవర్లు. ఆ కరెంటును ముందు 5 వోల్టులకు పెంచాలి, ఫోన్‌లోకి వెళ్లాక మళ్ళీ బ్యాటరీకి సరిపడా దించాలి. ఈ ఎక్కడం దిగడంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా వేడిగా పోతుంది. చివరికి ఫోన్‌కు దక్కేది 13 వాట్ అవర్లకు అటూ ఇటూ. ఫోన్ బ్యాటరీ 11.91. అంటే ఒక ఫుల్ ఛార్జి, పైన కొంచెం కొసరు. దీన్ని మోసం అనుకోనక్కర్లేదు, ఏ పవర్ బ్యాంకుకైనా ఇదే లెక్క.

ఫోన్‌ను కేసులో పెట్టే ముందు దాని ఛార్జింగ్ పోర్టులోకి టార్చి వేసి చూడాలి. జేబులోని నూలుపోగులు లోపల అట్టలా అణిగిపోయి ఉంటాయి. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో అడుగు నుంచి మెల్లగా గీకితే బూడిద రంగు ముద్ద బయటికొస్తుంది. పిన్నీసు మాత్రం వద్దు. కేసు పాడైందని పక్కన పెట్టేయడానికి చాలాసార్లు ఆ ముద్దే కారణం: కేసు అడుగునుండే ఛార్జింగ్ పిన్ను అర మిల్లీమీటరు లోపలికి దిగకపోయినా ఛార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది. పెట్టేటప్పుడు కేసు పైభాగాన్ని కాస్త వెనక్కి వంచి, ఫోన్‌ను నిటారుగా కిందికి జార్చాలి. టక్‌మని దిగాకే పైఅంచు మూయాలి. పక్కకి వంచి నొక్కితే పిన్ను అడుగున టంకం వదులవుతుంది. ఒకసారి వదులైతే బాగుచేయించడం కన్నా కొత్త కేసే నయం.

పదకొండున్నర. బెంజ్ సర్కిల్ నుంచి నెహ్రూ బస్టాండ్ దాకా మ్యాప్, రెండు యూపీఐ చెల్లింపులు, ఒక పొడుగాటి వీడియో కాల్. ఫోన్ 28కి వచ్చింది. కేసు బటన్ నొక్కాల్సింది ఇప్పుడే. పొద్దున్నే ఆన్ చేసి వదిలేస్తే ఫోన్ రోజంతా 100 దగ్గరే ఉంటుంది, లిథియం బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేసేది అదే. నిండుగా ఉండటం, పైన వేడి, రెండూ కలిస్తే మరీ చేటు. పైగా 80 దాటాక బ్యాటరీ కరెంటును తక్కువ తక్కువగా తీసుకుంటుంది. ఆఖరి ఇరవై శాతం కోసం కేసులోని సర్క్యూట్ చాలాసేపు ఊరికే పనిచేస్తూ కాస్త కరెంటును తనే తినేస్తుంది.

ఈ కేసు ఇచ్చేది 5 వాట్లు. అందులో ఫోన్ బ్యాటరీలోకి చేరేది సుమారు 4. స్క్రీన్ ఆపి ఉంచితే 28 నుంచి 80కి గంటన్నర పైన పడుతుంది. మ్యాప్ నడుస్తుంటే ఆ నాలుగులో సగం పైన అక్కడికక్కడే ఖర్చవుతుంది, అంకె కదలదు. కేసు పనిచేయడం లేదని అప్పుడే అనుమానం వస్తుంది. పావుగంట స్క్రీన్ ఆపి చూస్తే తెలిసిపోతుంది.

మధ్యాహ్నం ఎండ గురించి కొంచెం గట్టిగానే రాసుకోవాలి. ఐఫోన్‌ను వాడటానికి ఆపిల్ చెప్పే హద్దు 35 డిగ్రీలు. మే నెలలో ఇక్కడ నీడలోనే అది దాటిపోతుంది. దానికి తోడు కేసు ఆన్‌లో ఉన్నంతసేపూ ఫోన్ వెనక ఒకటిన్నర వాట్ల దాకా వేడి పుడుతూనే ఉంటుంది. ఫోన్ వీపుకూ కేసుకూ మధ్య ఆ వేడి పోయే దారి లేదు. బాగా వేడెక్కితే ఫోన్ తనంతట తనే 80 దగ్గర ఛార్జింగ్ ఆపేస్తుంది. అది కేసు లోపం కాదు, ఫోన్ తన బ్యాటరీని కాపాడుకోవడం. బండి హ్యాండిల్ మీద ఎండలో పెట్టుకుని కేసు ఆన్ చేయడం, ఆగి ఉన్న కారు డాష్‌బోర్డు మీద వదిలేయడం, ఈ రెండూ అసలు చేయకూడదు. నీడలో, సంచిలో కాకుండా బల్ల మీద, స్క్రీన్ కిందికి పెట్టి ఛార్జి చేస్తే వెనక వేడి గాలిలోకి పోతుంది.

ఒంటిగంటంబావుకి 80. బటన్ మూడు సెకన్లు నొక్కి ఆఫ్. కేసులో రెండు లైట్లు మిగిలాయి, లెక్క సరిపోయింది.

సాయంత్రం బీసెంట్ రోడ్డులో ఒక కేసు చూశాను. 10000 అని రాసుంది, చేతిలో దూదిలా ఉంది. నమ్మేలా లేదు. 10000 అంటే 37 వాట్ అవర్లు, అందుకు ఒక్క సెల్లే 150 గ్రాముల దాకా తూగాలి. తూకం అబద్ధం చెప్పదు. లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయా చూడాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో, ఏ వస్తువుదో వస్తుంది.

రాత్రి పది. ఫోన్ 41. పడుకునే ముందు రెండిటినీ విడదీయాలి. కలిపి ప్లగ్‌లో పెడితే ముందు ఫోన్ నిండుతుంది, తర్వాత కేసు, తెల్లవార్లూ రెండూ ఒకదాన్నొకటి వేడి చేసుకుంటాయి. విడిగా అయితే 10 వాట్ల ఛార్జర్‌తో ఖాళీ కేసు నిండటానికి రెండున్నర గంటలు చాలు. ఆదివారం దాకా కేసుతో పని లేకపోతే అసలు నింపకుండా రెండు లైట్ల దగ్గరే, చల్లటి అరలో పెట్టాలి. పెట్టే ముందు కేసు వీపు మీద స్కేలు ఆనించి చూడాలి: స్కేలు అటూ ఇటూ ఊగిందంటే లోపల సెల్ ఉబ్బుతోందన్నమాట. అప్పుడిక ఛార్జింగ్ పెట్టకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయాలి. ఇవాళ ఊగలేదు.