సిగ్నల్ అందని గూడెంలో వైఫై లైబ్రరీ: కరెంటు, గడియారం, సవర మాట

శ్రీకాకుళం జిల్లాలో మందస, మెళియాపుట్టి, పాతపట్నం మండలాల్లో కొండవార సవర గిరిజనుల గూడేలకు వెళ్తే ఫోన్లు కనిపిస్తాయి, సిగ్నల్ మాత్రం చాలాచోట్ల గట్టెక్కితే గాని దొరకదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్ళిపోయింది కాబట్టి, శ్రీకాకుళం జిల్లాలో గిరిజన పిల్లల సంగతి ఇక లేనట్టే మాట్లాడేవాళ్ళున్నారు. ఆ పిల్లలు ఇక్కడే ఉన్నారు. టవర్ వచ్చేదాకా వాళ్ళు ఆగక్కర్లేదు. పాఠాలు, వీడియోలు, వికీపీడియా నింపిన చిన్న కంప్యూటర్‌ని బడిలోనే పెట్టి, దాని వైఫైకి ఫోన్లు కలుపుకుంటే సరిపోతుంది. ఇంటర్నెట్టూ అక్కర్లేదు, రీచార్జీ అక్కర్లేదు.

పెట్టడం ఒక పూట పని. ఏడాది తర్వాత కూడా పనిచేయాలంటే ఏం చూసుకోవాలన్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను చూసినంతలో ఇలాంటి పెట్టెలు మూలపడేది సాఫ్ట్‌వేర్ వల్ల కంటే కరెంటు వల్లే.

ముందు సామాన్లు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి కంప్యూటర్ (ఇకమీద 'పై' అంటే ఇదే), 2 జీబీ మెమొరీది చాలు. 32 జీబీ మెమొరీ కార్డు, పాఠాలు దాచడానికి 256 జీబీ యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ డిస్క్, ఒక మామూలు వైఫై రౌటర్, ఒక జానెడు ఈథర్నెట్ కేబుల్. పైలోనే వైఫై ఉంది కదా, రౌటర్ ఎందుకని అడుగుతారు. నలుగురైదుగురికి అది బాగానే సరిపోతుంది. క్లాసు మొత్తం ఒకేసారి వీడియో తెరిస్తే తట్టుకోదు. బ్యాటరీ బాగున్న పాత ల్యాప్‌టాప్ ఎవరైనా ఇస్తే నిస్సంకోచంగా దాన్నే వాడండి. కరెంటు పోయినా దాని బ్యాటరీ నిలబెడుతుంది, గడియారం లోపలే ఉంటుంది, కింద చెప్పబోయే తిప్పల్లో సగం తప్పుతాయి. కాకపోతే పై కంటే నాలుగైదు రెట్లు కరెంటు తాగుతుంది. సోలార్ మీద నడపాలంటే మాత్రం పై మేలు.

సాఫ్ట్‌వేర్ మూడు ముక్కలు. నెట్ లేకుండా వికీపీడియా చదవడానికి కివిక్స్. తెలుగు వికీపీడియా మొత్తం ఒకే జిమ్ ఫైలుగా దొరుకుతుంది, బొమ్మలున్నదీ లేనిదీ విడివిడిగా ఉంటాయి. పాఠాలకీ అభ్యాసాలకీ కోలిబ్రి. ఏ పిల్ల ఎంతవరకు చేసిందో అది గుర్తుపెట్టుకుంటుంది. మూడోది ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్, మన సొంత ఫైళ్ళకి. ఇది తప్పనిసరి. కోలిబ్రిలోకి మన ఆడియో నేరుగా పడేస్తే ఎక్కదు, నెట్ ఉన్నచోట దాని స్టూడియోలో ఛానల్‌గా చేసి తేవాలి. అదే ఎన్‌జిన్‌ఎక్స్ ఫోల్డరైతే పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసిన మరుక్షణం పిల్లల ఫోన్లలో కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు కూడా ఇందులోనే పెట్టండి. డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన పీడీఎఫ్‌లలో తెలుగు మాట వెతికితే దొరకదు, లోపలున్నది యూనికోడ్ కాదు. అందుకని పుస్తకాన్ని పాఠాలవారీగా విడగొట్టి, ప్రతి ఫైలుకీ తరగతి, పాఠం పేరు తెలుగులో పెట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ చేసినచోట పిల్లలు పుస్తకం వెతుక్కోగలుగుతారు.

ఇక కరెంటు. పై, ఎస్‌ఎస్‌డీ, రౌటర్ కలిపి సుమారు 10 వాట్లు లెక్క వేసుకోండి. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 84 వాట్-అవర్లు. అందులో సగానికి మించి వాడితే బ్యాటరీ త్వరగా చస్తుంది కాబట్టి మిగిలింది 42, అంటే నాలుగు గంటలు. కన్వర్టర్‌లో పోయేది తీసేస్తే మూడున్నర. బడి వేళల్లో కోతలకి అది చాలు.

బ్యాటరీ 12 వోల్టుల్ని పైకి కావలసిన 5 వోల్టులకి దించే బక్ కన్వర్టర్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. బజార్లో దొరికే ఎల్ఎం2596 బోర్డు మీద 3 ఆంపియర్లని రాసి ఉంటుంది, 2 దాటితే సెగలు కక్కుతుంది. 5 ఆంపియర్లది కొనండి. పైకి తగిలించక ముందే మల్టీమీటర్ పెట్టి 5.1 వోల్టులకి తిప్పి, ఆ స్క్రూ మీద చుక్క నెయిల్ పాలిష్ వేయండి, కదలదు. తర్వాత కేబుల్. ఫోన్ ఛార్జర్ల సన్న తీగ మీటరు పొడవుంటే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. 4.63 వోల్టుల కిందికి దిగితే పై తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, ఎస్‌ఎస్‌డీ ఉన్నట్టుండి మాయమవుతుంది. బయటికి మాత్రం "వైఫై స్లో" అనే ఫిర్యాదే వస్తుంది. పై టెర్మినల్‌లో vcgencmd get_throttled అని కొడితే 0ఎక్స్0 రావాలి. 0ఎక్స్50000 వచ్చిందంటే ఎప్పుడో ఒకప్పుడు వోల్టేజి పడిందన్నమాట. సాఫ్ట్‌వేర్‌ని అనుమానించే ముందు తీగ మార్చండి. రౌటర్ అడాప్టర్ మీద రాసింది కూడా చదవాలి. కొన్ని 9 వోల్టులవి ఉంటాయి, 12కి తగిలిస్తే కాలిపోతాయి.

స్విచ్ తీసే పద్ధతి సంగతి. షట్‌డౌన్ చేసి ఆపమని ఎంత చెప్పినా బడిలో అది జరగదు, జరగాలని ఆశించడం కూడా న్యాయం కాదు. మాస్టారు గంట కొట్టగానే మెయిన్ ఆపి తాళం వేస్తారు. కాబట్టి ప్లగ్ పీకేసినా చెడని విధంగా పెట్టెనే తయారుచేయాలి. పై సెట్టింగులు మార్చే రాస్పీ-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఇక రాత ఉండదు, పాడవడమూ ఉండదు. కానీ రీస్టార్ట్ అవగానే మార్పులన్నీ పోతాయి, కోలిబ్రిలో పిల్లల మార్కులతో సహా. అందుకని కోలిబ్రి డేటా ఫోల్డర్‌ని ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చి, ఎస్‌ఎస్‌డీని లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయాలి. పెన్‌డ్రైవ్‌లకి వాడే ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నల్ (మార్పుల చిట్టా) ఉండదు కాబట్టి కరెంటు పోయినప్పుడు ఫైళ్ళు చెడతాయి. ఇంకొకటి: బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఆ డిస్క్ వరసకి నోఫెయిల్ చేర్చడం మరిచిపోతే, ఎవరో ఎస్‌ఎస్‌డీ వైరు ఊడదీసిన రోజు పై బూట్ కాకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. తెర లేని పెట్టె కాబట్టి కారణం ఎవరికీ కనపడదు, "కాలిపోయింది" అనుకుని అటకెక్కిస్తారు. ఈ ఒక్క మాట రాసుంటే పెట్టె లేస్తుంది, వికీపీడియా రాకపోయినా రోగమేమిటో తెలుస్తుంది. ఓవర్‌లే ఆన్ చేయకముందే ఇవన్నీ పూర్తి చేసుకోవాలి.

పై 4కి సొంత గడియారం లేదు. నెట్ లేనిచోట తేదీ వెనకబడుతుంది, కోలిబ్రి రిపోర్టులో జూలై పనికి ఏప్రిల్ తేదీ పడుతుంది. డీఎస్3231 అనే గడియారం మాడ్యూల్ పెడితే సరి. దాన్ని 3.3 వోల్టుల పిన్నుకే కలపాలి. 5 వోల్టులకి కలిపితే రెండు నష్టాలు: పై పిన్నుల మీదికి ఎక్కువ వోల్టేజి వెళ్తుంది, మాడ్యూల్‌లోని ఛార్జింగ్ సర్క్యూట్ ఛార్జ్ కాని సీఆర్2032 సెల్లుని ఛార్జ్ చేయబోయి ఉబ్బిస్తుంది.

ఫోన్ల వైపు వచ్చే ఇబ్బంది ఒకటే, కానీ రోజూ వస్తుంది. ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని గమనించి ఆండ్రాయిడ్ దాన్ని వదిలేసి మొబైల్ డేటాకి వెళ్ళిపోతుంది. "ఏటండి మాస్టారూ, ఇది నెట్టు కాదేటి?" అని అడిగేది అప్పుడే. మొబైల్ డేటా ఆపమనండి, లేదా "ఇంటర్నెట్ లేకపోయినా కనెక్ట్ అయి ఉండు" అన్నదాన్ని నొక్కమనండి. రౌటర్ సెట్టింగుల్లో పైకి ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రస్ వచ్చేట్టు కట్టేసి, ఆ అంకెల్నే బోర్డు మీద పెద్దగా రాయండి. అంకెల బదులు అందమైన పేరు పెడితే, ప్రైవేట్ డీఎన్ఎస్ (పేర్ల అడ్రస్ బయటి సర్వర్‌ని అడిగే సెట్టింగు) ఆన్‌లో ఉన్న ఫోన్లలో తెరుచుకోదు.

ఇంత చేసి లోపల తెలుగు, ఇంగ్లీషు మాత్రమే పెడితే ఒకటో తరగతి సవర పిల్లకి అది పరాయి పెట్టే. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి వందేళ్ళకి పైగా క్రితమే సవర నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలన్నారు. ప్రభుత్వం 2004లో మొదలుపెట్టిన మాతృభాషా బోధనలో సవరా ఉంది. పెట్టెకి కావలసింది ఊరి గొంతు, అంటే సవర పాటలు, మాటలు. ఫోన్‌లోనే రికార్డు చేయొచ్చు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా మాత్రం కాదు, అది శబ్దాన్ని నలిపేస్తుంది. రికార్డర్ యాప్‌లో 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ పెట్టండి. నిమిషానికి 6 ఎంబీ లోపే. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పట్టుకోవాలి. రేకుల కింద గొంతు మోగుతుంది, బట్టలు ఆరేసిన గదో ధాన్యం బస్తాల గదో మంచిది. అసలు వేవ్ దాచిపెట్టి, పెట్టెలోకి 64 కేబీపీఎస్ ఎంపీ3 ఎక్కించండి, నిమిషానికి అర ఎంబీ కూడా ఉండదు. ఆడియోలున్న వెబ్ పేజీలో ఒక్కోదానికి ప్రీలోడ్ (ముందే దించుకోవడం) వద్దని రాయకపోతే ముప్పై ఫోన్లు తెరవగానే అన్ని ఫైళ్ళూ ఒకేసారి కదిలి రౌటర్ నిలిచిపోతుంది.

పాటకింద మాటలు తెలుగు లిపిలో రాసేటప్పుడు సవరలో గొంతు దగ్గర తెగే ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు. ఊళ్ళో చదువుకున్న సవర యువకులూ బడి మాస్టార్లూ కూర్చుని ఒక గుర్తు ఖాయం చేసుకుని, అన్ని ఫైళ్ళలోనూ దాన్నే వాడాలి. లేకపోతే అదే మాట మూడు రకాలుగా రాసి ఉంటుంది, వెతికితే ఒకటే దొరుకుతుంది. ఏ పాట పెట్టెలో పెట్టొచ్చో, ఏది పూజ వేళ తప్ప పాడకూడదో పాడేవాళ్ళనే అడగాలి. వద్దన్నది రికార్డు చేయకూడదు, చేసేసి ఉంటే వాళ్ళ కళ్ళముందే తుడిచేయాలి.

కొత్త ఫైళ్ళు నెలకోసారి సంతరోజున పెన్‌డ్రైవ్‌లో వెళ్తే చాలు. అదే పెన్‌డ్రైవ్‌లో కోలిబ్రి డేటా ఫోల్డర్ నకలు వెనక్కి తెచ్చుకోండి. నకలు తీసేముందు కోలిబ్రిని ఆపాలి, నడుస్తుండగా తీసిన డేటాబేస్ తర్వాత తెరుచుకోకపోవచ్చు. ఓవర్‌లే ఆన్ చేసిన కార్డుకి అచ్చంగా ఇంకో కార్డు తయారుచేసి, మీద పేరు రాసి, బడి బీరువాలో పెట్టండి. పెట్టె లేవని రోజు మాస్టారు కార్డు మార్చి చూడగలగాలి, శ్రీకాకుళం నుంచి ఎవరో బయల్దేరి రావాల్సిన పని పడకూడదు.