రాణిగారి చెంప మీద బొటనవేలు

పదకొండున్నరయింది. అందరూ పడుకున్నారు. నాకు కళ్ళు మూస్తే ఆ వేలిముద్రే కనిపిస్తోంది, అందుకే లేచి వచ్చి ఇది టైపు చేస్తున్నాను.

గుడ్డు ఆకారంలో ఉండే వెండి నాణెం సంగతి. కెనడాలో ఫాల్కన్ లేక్ దగ్గర ఎగిరే పళ్ళెం కనిపించిందన్న కథ మీద కొట్టింది, చీకట్లో వెలుగుతుంది. సాయంత్రం వచ్చినవాళ్ళకి చూపించాలని మా ఆయన దాని క్యాప్స్యూల్ (నాణేన్ని మూసి ఉంచే పారదర్శక ప్లాస్టిక్ డబ్బీ) ఊడదీసి, నాణెం చేత్తో పట్టుకుని, లైట్లార్పి, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తిప్పారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి అయిపోయింది. టేబుల్ ల్యాంపు కింద వాల్చి చూశాను. రంగు ఉన్న వైపు ఏమీ కాలేదు. వెనక్కి తిప్పితే ఎలిజబెత్ రాణిగారి బొమ్మలో చెంప దగ్గర మొదలై పక్కనున్న ఖాళీ జాగాలోకి సాగిన బొటనవేలి ముద్ర. సుడి మధ్యలో ఒక గీత తెగి ఉండటం కూడా తెలుస్తోంది, అంత స్పష్టంగా పడింది.

అత్తయ్యగారు పక్కనే ఉన్నారు. "దానికేముందమ్మా, కాస్త చింతపండు నానేసి తోమితే తళతళలాడుతుంది" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. ఆవిడ అరవై ఏళ్ళుగా తోముతున్న వెండి వేరు, ఇది వేరు. కుంకుమ భరిణెలో, దీపపు కుందిలో వెండితోపాటు రాగి కలిసి ఉంటుంది, అందుకే గట్టిగా ఉంటాయి. పైగా తోమగా తోమగా పడ్డ సన్నగీతలే వాటి మెరుపు. ఈ నాణెం 99.99 శాతం వెండి. అంత శుద్ధమైన వెండి మెత్తన. ప్రూఫ్ పద్ధతిలో కొట్టింది కాబట్టి ఖాళీ భాగమంతా అద్దంలా, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు ఉంటుంది. ఆ అద్దం మీద మెత్తటి నూలుగుడ్డతో ఒక్కసారి తుడిచినా వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. చింతపండులో పులుపు నల్లదనాన్ని తీసేస్తుంది, నిజమే, కానీ పీచు గీస్తుంది. విబూది గీస్తుంది. పళ్ళపొడి మరీ గీస్తుంది. నలుపు చాలావరకు తీయొచ్చు. గీత పడితే ఇక అంతే.

నా కోపం అత్తయ్యగారి మీద కాదు. మూత తీసినందుకు. ఆ నాణెం వెలగడానికి మూత తీయాల్సిన పనే లేదు! నాణెంతోపాటు చిన్న నల్లకాంతి (అతినీలలోహిత కాంతి) టార్చి ఇచ్చేదే అందుకు. క్యాప్స్యూల్ ప్లాస్టిక్‌లోంచి ఆ కాంతి దాటుతుంది. ముందు గదిలో లైట్లన్నీ ఆర్పి, ఫోను కూడా బోర్లా పెట్టి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఐదు పది నిమిషాలు ఆగాలి. తరవాత టార్చిని నాణేనికి జానెడు లోపు దూరంలో పెట్టి అర నిమిషం వేసి ఆపాలి. ఆపాక కూడా కాసేపు వెలుగుతుంది. వచ్చినవాళ్ళందరూ చేసే పొరపాటు ఏమిటంటే, లైటార్పిన మరుక్షణమే చూసి "ఏదీ, వెలగట్లేదే" అనడం. సరిగా వెలగాలంటే బయటికి తీయాలేమో అనుకోవడం అక్కణ్ణుంచే మొదలవుతుంది. వెలుగు నాణెంలో తగ్గలేదు, కళ్ళే ఇంకా సర్దుకోలేదు. ఈ మాట నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో.

పోనీ క్యాప్స్యూల్ తీసిన పద్ధతైనా బాగుందా అంటే, అంచులో గోరు దూర్చి లాగారు. అలా లాగితే ఒక్కసారిగా ఊడి నాణెం ఎగిరి పడుతుంది. తీయాల్సే వస్తే మంచం మీదో, మడతపెట్టిన తువ్వాలు మీదో పెట్టి, రెండు బొటనవేళ్ళూ అతుకులో ఆనించి, కొంచెం కొంచెంగా చుట్టూ తిప్పుతూ వదులు చేయాలి. చాకు పెట్టకూడదు. ఈ ప్లాస్టిక్ బిళ్ళ పగిలితే మళ్ళీ దొరకదు. గుండ్రటి నాణేలకైతే మిల్లీమీటర్ల లెక్కన ఏ సైజు క్యాప్స్యూల్ అయినా కొనుక్కోవచ్చు. గుడ్డు ఆకారానికి ఎవరమ్ముతారు?

మొదట అసిటోన్‌తో (జిడ్డుని కరిగించే ద్రవం) ఇప్పుడే కడిగేద్దామనుకున్నాను. కొత్త వేలిముద్రకి అదే మందు. చెమటలో ఉప్పు, నూనె, కాస్త ఆమ్లం ఉంటాయి. పడ్డ రోజున పారదర్శకంగా ఉంటుంది. వారాలో నెలలో గడిచేసరికి గోధుమరంగుకి తిరిగి, ఆ తరవాత నీలంగా మారి వెండిలోకి తినేస్తుంది. అప్పుడు ఏం చేసినా ముద్ర ఆకారం పోదు. రంగు లేని మామూలు ప్రూఫ్ నాణేనికైతే పద్ధతి ఇది: హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే శుద్ధ అసిటోన్ కావాలి, గోళ్ళరంగు తుడిచేది కాదు, అందులో నూనె, అత్తరు కలుపుతారు. ప్లాస్టిక్ గిన్నె కరిగిపోతుంది కాబట్టి రెండు గాజు గిన్నెలు. మొదటి దాంట్లో రెండు నిమిషాలు నాననిచ్చి, రెండో దాంట్లో కొత్త అసిటోన్‌తో ఒకసారి ముంచి తీయాలి. ఒక్క గిన్నెతో సరిపెడితే కరిగిన నూనె నాణెమంతా పలచటి పొరలా పరుచుకుంటుంది, చాలామందికి నాణెం మసకబారేది ఇక్కడే. నైట్రైల్ గ్లవ్స్‌ని అసిటోన్ పాడు చేస్తుంది, అందుకని వెదురు పట్టకారు మంచిది. కిటికీ తెరవాలి. పొయ్యి దరిదాపుల్లో వద్దు. తుడవకూడదు, దానంతటదే ఆరిపోతుంది.

సీసా తీసి టేబుల్ మీద పెట్టాక గుర్తొచ్చింది, ఇది రంగు నాణెం. రాణిగారికి అటువైపు బొమ్మ మీద రంగు అచ్చు, దాని మీద చీకట్లో వెలిగే సిరా. అసిటోన్ సిరాల్ని లేపేస్తుంది. రాణిగారి వైపు రంగు లేదు కదా, దూదిపుల్లతో అక్కడొక్కచోటే అద్దుదామా అని కూడా ఆలోచించాను. కానీ అసిటోన్ నీళ్ళలా బొట్టుగా నిలబడదు, పాకుతుంది. అంచు మీంచి జారి అటువైపు తిరిగిందంటే ఆ వెలుగు పోతుంది. ఆ వెలుగే పోయాక ఈ నాణేనికి మిగిలేదేముంది?

సీసా మూత బిగించి లోపల పెట్టేశాను. ఇక దాన్ని ముట్టుకోను, అలా ఉంచేస్తాను అనుకున్నాను. అనుకుని పడుకోబోయాను కూడా. నిద్ర పట్టలేదని మొదటే చెప్పాను కదా.

నిద్ర పట్టక ఆలోచిస్తుంటే మళ్ళీ ఆయనే గుర్తొచ్చారు. మా ఆయన కాదు, మైఖలాక్. స్టెఫాన్ మైఖలాక్. 1967 మే 20, విక్టోరియా డే సెలవులు. మన ఊరు విన్నిపెగ్ నుంచి ట్రాన్స్ కెనడా హైవే మీద తూర్పుగా నూట యాభై కిలోమీటర్లు, వైట్‌షెల్ పార్కులో ఫాల్కన్ లేక్ పక్కన రాళ్ళలో చెకుముకి జాతి రాయి, తెల్లటి క్వార్ట్జ్ చారల కోసం వెతుకుతున్నాడు. వృత్తికి మెకానిక్, సెలవుల్లో ఖనిజాలు వెతకడం సరదా. మధ్యాహ్నం భోజనం అయ్యింది. ఇక్కణ్ణుంచి ఆయన చెప్పిన కథ: బాతులు ఒక్కసారిగా అరిచాయి. తలెత్తితే ఎర్రగా మెరుస్తూ రెండు వస్తువులు. ఒకటి వెళ్ళిపోయింది, ఒకటి బండ మీద దిగింది. ఆయన పారిపోలేదు. అరగంటసేపు కూర్చుని బొమ్మ గీసుకున్నాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది ఈ అరగంటే. తరవాత దగ్గరికి వెళ్ళాడు. గంధకం వాసన, వేడిగాలి, లోపల్నించి మాటలు. అమెరికావాళ్ళ రహస్య విమానమనుకుని ఇంగ్లీషులో పిలిచాడు, పలకకపోతే రష్యన్, పోలిష్, జర్మన్‌లో పిలిచాడు. రాళ్ళు కొట్టేటప్పుడు పెట్టుకునే అద్దాలు దించుకుని తలుపులోంచి తొంగి చూశాడు. పక్కన చెయ్యి ఆనిస్తే గ్లవ్ వేళ్ళు కరిగిపోయాయి. అది తిరిగింది, జల్లెడలాంటి పలకలోంచి వేడి ఆవిరి ఛాతీ మీద కొట్టింది, చొక్కా అంటుకుంది. ఒంటి మీద వరసలు వరసలుగా చుక్కల కాలిన గాయాలు. వాంతులు, తలనొప్పి. బరువు తగ్గిపోయాడు. 1968లో మిన్నెసోటాలోని మేయో క్లినిక్‌కి కూడా వెళ్ళాడు. పోలీసులు, వైమానిక దళం వెతికి రాసిన కాగితాలు ఇప్పటికీ ఒట్టావా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బండ మీద పదిహేనడుగుల వెడల్పున నాచు లేచిపోయిన గుండ్రటి మచ్చ. మరుసటేడు ఆ బండ పగులులోంచి బయటపడ్డ లోహం ముక్కలు, వాటికి రేడియోధార్మికత. ఆ ముక్కలు వెండివి!

వెండి ముక్కలు దొరికిన చోటుకి వెండి నాణెం కొట్టడం. 2018లో కెనడా మింట్, అంటే ప్రభుత్వ టంకశాల, ఇలాంటి వింత సంఘటనల మీద నాణేల వరసని దీనితోనే మొదలుపెట్టింది. నాలుగు వేలే కొట్టారు. నాణెం మీద అచ్చేసిన విలువ ఇరవై డాలర్లు, అమ్మిన ధర నూట ముప్ఫై దాకా. ఒక ఔన్సు, అంటే 31.1 గ్రాముల వెండి అప్పటి బజారు ధరకి ఇరవై డాలర్ల చుట్టుపక్కల ఉండేది. కాబట్టి ఇందులో చెల్లించింది లోహానికి ఆరోవంతు, మిగతాది ఆకారానికి, అచ్చుకి, వెలుగుకి, తక్కువ సంఖ్యకి. వెండి కోసం కొనేవాళ్ళు మామూలు మేపుల్ లీఫ్ నాణేలు కొనుక్కోవాలి, ఇది కాదు. ఇది కొనేవాళ్ళు ఉపరితలాన్ని కొంటున్నారు. ఆ ఉపరితలం మీదే బొటనవేలు పెట్టారని నా బాధ.

దీని తరవాత వచ్చిన షాగ్ హార్బర్ నాణెం కూడా 1967 సంగతే, అక్టోబరు 4, నోవా స్కోషియా సముద్రంలో పడ్డ వెలుగులు, నీళ్ళ మీద పసుప్పచ్చటి నురగ. దేశానికి నూరేళ్ళు నిండిన సంవత్సరం అది. ఆల్బెర్టాలో సెయింట్ పాల్ అనే ఊరివాళ్ళు అదే ఏడాది ఎగిరే పళ్ళేల కోసం దిగే వేదిక కట్టారు. తరవాత క్లారెన్‌విల్, మాంట్రియల్‌లో హోటల్ పైన ఈతకొలను మీద కనిపించిన వెలుగులు, లాంగెన్‌బర్గ్ రైతు పొలం, వరసగా వచ్చాయి. అన్నీ బాగుంటాయి. నాకు మాత్రం ఈ గుడ్డే.

సరే, పన్నెండు దాటింది. మళ్ళీ మనసు మారింది. అలా వదిలేయడం కూడా తప్పే. ముద్రలో వెండిని ముందు తినేది ఉప్పు. ఉప్పు నీళ్ళలో కరుగుతుంది. నూనె కరగదు, కానీ నూనె ఒక్కటే ఉంటే అంత తొందరగా కొరకదు. అంటే అసిటోన్ కుదరకపోయినా సగం ప్రమాదం నీళ్ళతో పోతుంది. కుళాయి నీళ్ళు వద్దు. మన కుళాయిలోకి వచ్చేది షోల్ లేక్ నీళ్ళు, ఆ సరస్సు ఫాల్కన్ లేక్ పక్కనే, కాబట్టి మనసు ఒప్పుకుంటుంది. కానీ అందులో కలిపే క్లోరిన్ వెండి మీద మచ్చలు వేయొచ్చు. ఇస్త్రీపెట్టెలో పోయడానికి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ ఉంది, అది చాలు.

ఇప్పుడే చేసి వచ్చాను. రెండు గాజు కప్పులు, ఒక్కో దాంట్లో అర గ్లాసు నీళ్ళు, గోరువెచ్చగా కూడా కాదు, మామూలుగానే. గ్లవ్స్ వేసుకుని అంచులు పట్టుకుని మొదటి కప్పులో నిమిషం అటూ ఇటూ ఊపాను, రెండో దాంట్లో అర నిమిషం. ఎక్కడా రుద్దలేదు. మడతపెట్టిన టిష్యూ మీద నిటారుగా, సన్నటి కొన పైకి వచ్చేలా కప్పుకి ఆనించి పెట్టాను. నీళ్ళన్నీ కిందకి జారి టిష్యూ పీల్చుకుంటుంది. పడుకోబెడితే బొట్టు మధ్యలో నిలబడి అక్కడే మరక వేస్తుంది. హెయిర్ డ్రయర్ పెట్టొద్దు, దుమ్ము ఎగిరి అతుక్కుంటుంది. ముద్ర పూర్తిగా పోలేదు. వాల్చి చూస్తే సుడి ఇంకా తెలుస్తోంది, పొగమంచులో కనిపించినట్టు. మొదట్లో ఉన్న ఆ తడి మెరుపు మాత్రం లేదు.

తెల్లారాక, చెమ్మ అసలు లేదనిపించాకే క్యాప్స్యూల్‌లో పెడతాను. లోపల చెమ్మ ఉంచి మూత వేయడం, వేలిముద్ర కన్నా చెరుపు. డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం మార్చాలి. ఈ ఊళ్ళో చలికాలం హీటరు వేసినప్పుడు ఇంట్లో గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి వెండికి సుఖం. ఇదే విశాఖలో అయితే ఆ ఉప్పుగాలికి తొందరగా రంగు మారేది. ఇంటికి తీసుకెళ్ళే ఉద్దేశం ఉన్నవాళ్ళు క్యాప్స్యూల్‌ని జిప్ కవర్లో పెట్టి, పొట్లం వేసి, గాలి పోయేలా నొక్కి మూయండి. మెత్తగా, వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు వాడొద్దు, వాటిలోంచి కారేది వెండికి ఆకుపచ్చ జిడ్డు పట్టిస్తుంది. అట్టపెట్టెలు, ఉన్ని గుడ్డలు, రబ్బరు బ్యాండ్లు కూడా దూరంగా పెట్టాలి, వాటిలో గంధకం ఉంటుంది. కిటికీ దగ్గర అసలు వద్దు. వెండికి ఎండ ఏమీ చేయకపోయినా రంగు అచ్చు వెలిసిపోతుంది.

ఎడమ వైపునుంచి ల్యాంపు పడేలా పెట్టి ఒక ఫొటో తీసుకున్నాను. వచ్చే నెల ఇదే తారీకున అదే ల్యాంపు కింద, అదే వాలులో ఇంకోటి తీస్తాను. ముద్ర గోధుమరంగుకి తిరిగితే కనిపెట్టొచ్చు.

ఆయనతో రేపు కాఫీ తాగేటప్పుడు మాట్లాడతాను. అరవను. బాత్‌రూములోకి తీసుకెళ్ళి తలుపు వేసి, లైటార్పి, ఐదు నిమిషాలు నిలబెట్టి, మూత మీంచే టార్చి వేసి చూపిస్తాను.