కట్టు కట్టిన రెండో రోజు

గుంటూరు, మే నెల, ఆదివారం రాత్రి

పిల్ల ఇప్పుడే నిద్రపోయింది. మోచేతి పైన ఎముక విరిగి కట్టు కట్టించిన చెయ్యి రెండు దిండ్ల మీద ఉంది. మోచెయ్యి గుండె కంటే ఎత్తుగా, వేళ్లు మోచేతి కంటే ఎత్తుగా. గంటకోసారి లేచి చూడాల్సింది ఆ వేళ్లనే. ఎముక సంగతి ఎక్స్‌రేలో తేలిపోయింది, అది అతుక్కుంటుంది. మొదటి రెండు మూడు రోజులు భయపడాల్సింది వాపుకి. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఎక్స్‌రే అడిగి వెలుతురుకి పట్టి చూస్తున్నారు, వేళ్ల గురించి ఒక్కరూ అడగలేదు.

ఐదు నుంచి ఏడేళ్ల వయసులో జబ్బ ఎముక మోచేతికి కాస్త పైన బాగా పల్చగా ఉంటుంది. మెట్ల మీంచో గోడ మీంచో పడుతూ చెయ్యి చాపి ఆనించారంటే అక్కడే విరుగుతుంది. వేసవి సెలవుల్లో ఇది మరీ ఎక్కువ. చేతికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం సరిగ్గా ఆ చోటు ముందు నుంచే పోతుంది, నరాలు కూడా పక్కనే. విరిగిన చోట లోపల రక్తం చేరి వాస్తుంది. పైన కట్టు బిగుతుగా ఉంటే ఆ వాపుకి చోటుండదు, లోపలి కండకి రక్తం అందదు. కొన్ని గంటలు అలాగే ఉంటే కండ చచ్చిపోయి వేళ్లు జీవితాంతం ముడుచుకుపోతాయి. అందుకే మొదట చుట్టూ పిండికట్టు వెయ్యరు. వెనకవైపు మాత్రమే పిండితో చేసిన గట్టి పట్టీ (స్లాబ్) పెట్టి, మీద బ్యాండేజీ చుడతారు. వాపు దిగాకే పూర్తి కట్టు. ‘సగం కట్టే కట్టారేంటి’ అని డాక్టరు మీద అనుమానపడక్కర్లేదు, అదే సరైన పద్ధతి.

‘పుత్తూరు కట్టు కట్టిద్దామే, మూడు కట్లతో సరిపోద్ది’ అని పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆవిడది ప్రేమే. ఆ కట్టుతో బాగైనవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు కాబట్టి నమ్మకం కూడా ఊరికే రాలేదు. కానీ వాచిన పిల్ల మోచేతికి వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టడం నేను ఒప్పుకోను. నూనె రాసి మర్దన చెయ్యడం ఇంకా ప్రమాదం. మోచేతి దగ్గర దెబ్బతిన్న కండని రుద్దితే అందులోనే ఎముకలాంటి గడ్డ కట్టి, చెయ్యి సగంలోనే ఆగిపోతుంది. కట్టు విప్పాక కూడా మర్దన వద్దు, ఎవరూ పట్టుకుని లాగి వంచకూడదు. పిల్లలు ఆడుకుంటూ వాళ్లంతట వాళ్లే వంచుకుంటారు.

వేళ్లు చూడ్డం ఇలా. గోరు మీద నొక్కితే తెల్లబడుతుంది, వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. రెండో చేతి వేళ్లతో పోల్చి వెచ్చగా ఉన్నాయో, చల్లబడ్డాయో చూడాలి. మెలకువగా ఉన్నప్పుడైతే స్టోన్ పేపర్ సిజర్స్ ఆడిస్తే చాలు. పిడికిలి బిగిస్తే ఒక నరం, వేళ్లు చాపితే ఇంకోటి, కత్తెరలా విప్పితే మూడోది పనిచేస్తున్నట్టు. చివర్లో బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనాలి. ఈ విరుపులో ఎక్కువగా దెబ్బతినేది ఆ సున్నా చుట్టే నరమే. సున్నా రాక వేళ్లు చదునుగా ఆనుకుంటే డాక్టరుకి చెప్పాలి. ఇవాళ ఆరుసార్లు ఆడింది, ప్రతిసారీ తనే గెలిచానంది.

మందు వేశాక కూడా నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా, ముడిచిన వేలిని మెల్లగా చాపితే కెవ్వుమన్నా, వేళ్లు తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకూడదు. రాత్రి రెండైనా సరే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకో, కట్టు కట్టిన చోటికో వెళ్లాలి. పై బ్యాండేజీ వదులు చేస్తే సరిపోదు. లోపలి దూది కూడా చర్మం కనిపించేదాకా కొయ్యమని అడగాలి. రక్తంతో తడిసి ఎండిన దూది కూడా తాడులా బిగుస్తుంది.

దెబ్బ తగిలిన మొదటి పది నిమిషాల్లో చెయ్యాల్సినవి కూడా రాసిపెట్టుకోవాలి. ముందు గాజులు, ఉంగరం, మణికట్టుకున్న నల్లతాడు తీసెయ్యాలి. తాడు ముడి రాకపోతే కత్తెరేసెయ్యడమే, ఇంకో అరగంటకి వాపులో కూరుకుపోతుంది. వంకర పోయిన చెయ్యిని సరిచెయ్యకూడదు, ఉన్నది ఉన్నట్టే మడత పెట్టిన వారపత్రికలో పెట్టి చున్నీతో మెడకి వేలాడదియ్యాలి. ఆటోలో ఒకరు ఒళ్లో కూర్చోబెట్టుకుని మోచేతి కింద చెయ్యి ఆనిస్తే సగం ఏడుపు తగ్గుతుంది.

దారిలో ఏడుపు మాన్పడానికి బిస్కెట్టో పాలో పెట్టడం మాత్రం చెయ్యకూడదు. ఎముక పక్కకి జరిగితే మత్తిచ్చి సరిచేసి, సన్నటి తీగలు గుచ్చాలి. మత్తుకి అన్నం, పాలు ఆరు గంటల ముందే ఆపాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు. కొత్తపేటలో ఆస్పత్రికి చేరాక నాలుగు ముద్దలు పెట్టామని చెబితే ఆపరేషన్ రాత్రికి వాయిదా పడుతుంది. చివరగా ఏం తిందో, ఎన్నింటికో చీటీ మీద రాసుకుంటే అక్కడ మొదట అడిగే ప్రశ్నకి జవాబు చేతిలో ఉన్నట్టే. ఆపరేషన్ అన్నారంటే చేర్చే ముందే, ఆస్పత్రిలో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్లి అడగాలి.

ఎక్స్‌రే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తారు. ఒక్కోసారి బాగున్న చేతికీ తీస్తారు. అది డబ్బులకి కాదు. ఈ వయసులో మోచేతి ఎముకల్లో కొన్ని ఇంకా మెత్తగానే ఉండి ఫిల్ములో కనపడవు, పోల్చి చూడకపోతే విరుపేదో పెరిగే చోటేదో తెలియదు.

నొప్పి మందు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పారాసెటమాల్ ఒక్కోసారికి పిల్ల బరువులో కిలోకి 15 మిల్లీగ్రాములు. 18 కిలోల పిల్లకి 270. ఐదు మిల్లీలీటర్లలో 250 ఉన్న సీసా అయితే ఐదు మిల్లీలీటర్లకి కాస్త పైన, 120 ఉన్న సీసా అయితే 11. సీసా మారితే కొలత మారుతుంది. చంటిపిల్లల డ్రాప్స్ ఇంకా చిక్కగా ఉంటాయి, అవి చెంచాలతో పొయ్యకూడదు. ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లకి మించకుండా, సీసాతో వచ్చిన మూతతోనే.

వంకాయ పెట్టొద్దు, గోంగూర పెట్టొద్దు, చీము పడుతుందని మధ్యాహ్నం రెండు ఫోన్లు వచ్చాయి. పైన చర్మం తెగలేదు, చీము ఎక్కణ్ణించి వస్తుంది? గోంగూర పచ్చడి కలిపి పెట్టాను, గుడ్డు, పాలు మామూలే.

ఈ ఎండకి కట్టు లోపల చెమట పట్టి దురద మొదలైంది. స్కేలూ పుల్లా లోపలికి పెట్టనివ్వలేదు, గీరుకుంటే కనపడని పుండు పడుతుంది. ఫ్యాను కింద కూర్చోబెట్టి, రెండో చేతి మీద అదే చోట గోకితే కాస్త మరిచిపోయింది. స్నానం తడిగుడ్డతోనే.

వారం తర్వాత మళ్లీ ఎక్స్‌రే. అది ఎగ్గొట్టకూడదు, వాపు దిగి కట్టు వదులైనప్పుడే ఎముక పక్కకి జరుగుతుంది. మూడు నాలుగు వారాలకి కట్టు తీస్తారు.

పన్నెండున్నర. గోరు నొక్కి చూశాను, రంగు వెంటనే తిరిగొచ్చింది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. ఒంటిగంటన్నరకి అలారం పెట్టాను.