మా ఇంట్లో ఐదు సిమ్‌లు, అందులో ఒకటి నాది కాదట

నిన్న రాత్రి పదకొండు దాటాక నా ఫోన్‌లో సిగ్నల్ పోయింది. తెల్లారేసరికి కొత్త సిమ్‌లో వచ్చింది. నంబరు అదే ఉంచుకుని వేరే నెట్‌వర్క్‌కి మారడం, అంటే పోర్ట్ చేయించుకోవడం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ఒకే సర్కిల్‌లో, అంటే ఒకే టెలికాం ప్రాంతంలో అయితే మూడు పనిదినాల్లో అయిపోవాల్సిన పని ఇది. నాకు ఇరవై ఆరు రోజులు పట్టింది. మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

మొదలైంది మా నాన్న ఫోన్ దగ్గర. ఆయనది బటన్ ఫోన్. నెల తిరక్కముందే "ఒరేయ్, ఎవరికి చేసినా ఎవరో అమ్మాయి మాట్లాడుతోందిరా" అంటారు. నేను వెంటనే 299 కొట్టేస్తాను. ఈసారి కొట్టబోతూ ప్లాన్ వివరాలు చదివాను. రోజూ డేటా వస్తుందట. బటన్ ఫోన్‌కి! వ్యాలిడిటీ 28 రోజులు, అంటే ఏడాదికి పన్నెండు రీచార్జిలు కాదు, పదమూడు. 13 ఇంటూ 299, మొత్తం 3,887 రూపాయలు. అందులో మా నాన్న వాడుకున్నది అత్తయ్యతో మాట్లాడిన మాటలు మాత్రమే.

ఈ 28 రోజుల నెల కనిపెట్టినవాడికి దండం పెట్టాలి. 2022 జనవరిలో ట్రాయ్ కలగజేసుకుని, ప్రతి కంపెనీ కనీసం ఒక్కో రకంలో ఒక్క ప్లానైనా 30 రోజులకు పెట్టాలని, నెల నెలా ఒకే తేదీకి వచ్చే ప్లాన్ కూడా ఒకటి ఉండాలని చెప్పింది. ఉన్నాయి. వెతుక్కుంటే దొరుకుతాయి.

ఆ రాత్రి ఇంట్లో ఉన్న ఐదు నంబర్లూ కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. అమ్మ, నాన్న, మా ఆవిడ, ఇంజనీరింగ్ చదివే అమ్మాయి, నేను. అన్ని కంపెనీల ప్లాన్లూ ఒకేచోట చూడటానికి ట్రాయ్ వాళ్ల టారిఫ్ పోర్టల్ ఉంది, దాన్ని వాడండి. ఆయా కంపెనీల యాప్‌లలో అయితే వాళ్లు అమ్మాలనుకున్నదే ముందు కనపడుతుంది.

నేను ఆరేళ్లు మెడికల్ రెప్‌గా తిరిగినవాణ్ని, ఇప్పుడు తెనాలిలో సొంతంగా మందుల ఏజెన్సీ నడుపుతున్నాను. స్ట్రిప్ ధర చూసి ఏ మందు చవకో చెప్పేవాడు మా లైన్‌లో బతకడు. ఒకడు స్ట్రిప్‌కి పది మాత్రలు పెడతాడు, ఇంకొకడు పదిహేను పెడతాడు. మాత్రకెంత పడిందో చూడాలి. సిమ్ ప్లానూ అంతే, రోజుకెంత పడిందో చూడాలి. నేను చూసినప్పుడు 84 రోజులకు, రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ జియోలో 799, ఎయిర్‌టెల్‌లో 859 ఉండేది. భాగిస్తే రోజుకు 9.51, 10.23. తేడా 72 పైసలు. ఇంట్లో ఏది బాగా పలుకుతుందో అదే తీసుకోండి, 72 పైసల కోసం బాత్రూమ్ కిటికీ దగ్గర నిలబడి మాట్లాడక్కర్లేదు. మారబోయే ముందు ఆ నెట్‌వర్క్ సిమ్ ఉన్న చుట్టాన్ని భోజనానికి పిలిచి, ఆయన ఫోన్‌లో వంటింట్లోంచి మాట్లాడి చూడండి. నేను మా బావమరిదిని అలాగే పిలిచాను. పప్పుచారు ఖర్చుతో టెస్టింగ్ అయిపోయింది.

అసలు ఆదా పెద్దవాళ్ల ఫోన్లలో ఉంది. డేటా వాడనివాళ్ల కోసం కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. అలా వచ్చినవే జియోలో 336 రోజులకు 1,748, ఎయిర్‌టెల్‌లో 365 రోజులకు 1,849. ధర చూస్తే మొదటిది వంద రూపాయలు తక్కువ. మాత్ర లెక్క వేస్తే రోజుకు 5.20, 5.07. నాన్నకి ఏడాదిది కొట్టేశాను. 3,887 ఎక్కడ, 1,849 ఎక్కడ! అమ్మ వాట్సాప్ చూస్తుంది కానీ ఇంట్లో వైఫై ఉంది, ఆవిడకీ అదే. అమ్మాయికి అన్‌లిమిటెడ్ 5జీ కావాలి. నేను చూసినప్పుడు అది రోజుకు 2 జీబీ, అంతకు మించిన ప్లాన్లతోనే ఇస్తున్నారు. ఆ అమ్మాయి ప్లాన్ జోలికి వెళ్లలేదు, ఇంట్లో శాంతి ముఖ్యం.

మా ఆవిడ నంబరు వేరే నెట్‌వర్క్‌కి మార్చాం. PORT అని కొట్టి, ఖాళీ వదిలి, పది అంకెల నంబరు రాసి 1900కి ఎస్ఎంఎస్ చేయడం, యూపీసీ అనే ఎనిమిది అక్షరాల పోర్టింగ్ కోడ్ రావడం, స్టోర్‌లో ఆధార్, వేలిముద్ర. మూడో రోజుకల్లా అయిపోయింది.

ఇక నా నంబరు.

నాది పోస్ట్‌పెయిడ్. నెలకు 449. పోస్ట్‌పెయిడ్‌లో చెప్పే ధర మీద 18 శాతం జీఎస్టీ వేరే, ప్రీపెయిడ్‌లో ఎంత చెప్తే అంతే. అంటే నేను కడుతున్నది నెలకు 529.82. ఏడాదికి 6,357. నేను చూసినప్పుడు ప్రీపెయిడ్‌లో 365 రోజుల ప్లాన్ జియోలోనూ ఎయిర్‌టెల్‌లోనూ 3,599కే ఉంది, ఒకదాంట్లో రోజుకు 2.5 జీబీ, రెండోదాంట్లో 2 జీబీ. మిగులు 2,758 రూపాయలు. బిల్లు బాకీ ఉంటే పోర్ట్ అవదని తెలుసు కాబట్టి ముందే కట్టేశాను. 1900కి ఎస్ఎంఎస్ కొట్టాను. యూపీసీ వచ్చింది. గంటలోపే పాత నెట్‌వర్క్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, మీరు లాయల్ కస్టమర్ సార్, నెలకు వంద తగ్గిస్తాం అంది. అన్నేళ్లూ లాయల్‌గా ఉన్నప్పుడు గుర్తురాని వంద, పోతానంటే గుర్తొచ్చింది. ఆ ఒళ్లుమంటతోనే స్టోర్‌కి వెళ్లాను.

స్టోర్‌లో కుర్రాడితో గొప్పగా చెప్పాను కూడా, ఈ నంబరు పదమూడేళ్లది బాబూ, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఏ మెడికల్ షాపులో అడిగినా చెప్తారు అని. వేలిముద్ర వేయించాడు, సిమ్ ఇచ్చాడు. మూడో రోజు మెసేజ్ వచ్చింది, రిజెక్ట్ అని. మళ్లీ వెళ్లాను. శనివారం, జనం. కుర్రాడు కంప్యూటర్‌లో చూసి, అందరికీ వినపడేలా అన్నాడు:

"సార్, ఈ నంబర్ మీది కాదు సార్."

వెనక నిలబడ్డవాళ్లు నన్ను దొంగ ఫోన్ తెచ్చినవాణ్ని చూసినట్టు చూశారు. ఒకాయన తన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. నాకు కోపం వచ్చి, నెలనెలా బిల్లు నేను కడుతుంటే నాది కాకపోవడమేంటని అరిచాను. ఆ కుర్రాడు తొణకలేదు. బిల్లు ఉంటే తీయండి సార్ అన్నాడు. మెయిల్‌లో తీశాను. పైన మొదటి లైన్‌లో నేను 2018లో వదిలేసిన మందుల కంపెనీ పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో, వాడేవాడిగా నా పేరు.

ఏం జరిగిందంటే, 2012లో ఉద్యోగంలో చేరినప్పుడు కంపెనీ ఈ సిమ్ ఇచ్చింది. మానేసేటప్పుడు మా మేనేజర్ "సిమ్ నీ దగ్గరే ఉంచుకో, బిల్లు మాత్రం నువ్వు కట్టుకో" అన్నాడు. సరే అని ఏడేళ్లుగా కడుతున్నాను. కార్పొరేట్ కనెక్షన్ నా పేరు మీదికి మారాలంటే కంపెనీ రాసివ్వాలని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. డాక్టర్ల రాత చదవగలనని మా ఊళ్లో నాకు పేరు. అచ్చు అక్షరాల్లో ఉన్న నా బిల్లు మొదటి లైను ఏడేళ్లలో ఒక్కసారి చదవలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బ్యాంకు ఓటీపీలు, జీఎస్టీ లాగిన్, ఆధార్, ఏజెన్సీ బోర్డు, బిల్లు పుస్తకాలు అన్నిట్లోనూ ఆ నంబరే. ఆ కంపెనీలో ఎవరో ఒక గుమాస్తా వాడని సిమ్‌ల లిస్టు తీసి, ఇది కూడా ఆపేయండి అని ఒక్క మెయిల్ కొడితే నా గతి? "ఏమండీ, మిగిలే రెండువేల ఏడొందల కోసం ఎందుకండీ ఇదంతా" అంది మా ఆవిడ. డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయానని ఆవిడకి చెప్పలేకపోయాను.

కావాల్సింది ఆథరైజేషన్ లెటర్. కంపెనీ లెటర్‌హెడ్ మీద, సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి సంతకంతో, స్టాంపుతో. హైదరాబాద్ హెడ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అడ్మిన్‌లో ఒకావిడ ఎంప్లాయీ కోడ్ అడిగింది. ఏడేళ్లయినా నోటికి వచ్చేసింది, సిగ్గేసింది. సిస్టమ్‌లో చూసి, "మీ దగ్గర కంపెనీ ట్యాబ్ ఉంది, తిరిగివ్వలేదు" అంది. డాక్టర్లకు చూపించడానికి ఇచ్చిన ట్యాబ్. ఆఖరి రోజునే మేనేజర్ చేతికిచ్చాను, సంతకం తీసుకోలేదు. మా మేనేజర్ రిటైరైపోయాడు. నో డ్యూస్, అంటే నా దగ్గర కంపెనీ బాకీ ఏమీ లేదనే కాగితం, ఇప్పుడున్న ఏరియా మేనేజర్ ఇవ్వాలట. ఎవరండీ ఆయన అని అడిగాను. పేరు చెప్పింది.

పేరు రాయను. ఒకప్పుడు నా కింద ట్రైనింగ్ తీసుకున్న కుర్రాడు. తెనాలిలో టీ కొట్టు దగ్గర కూర్చుని, బాపట్లలో ఎనిమిది మంది డాక్టర్లను కలిశానని రిపోర్ట్ రాస్తే పట్టుకుని అందరి ముందూ తిట్టింది నేనే. ఫోన్ ఎత్తగానే "నమస్తే సార్" అన్నాను. అవతల రెండు క్షణాలు మౌనం. "చెప్పండి అన్నా" అన్నాడు. అన్నా అనే అన్నాడు కానీ, మీటింగ్‌లో ఉన్నానని పెట్టేశాడు. తొమ్మిది రోజులు అలాగే మీటింగ్‌లో ఉన్నాడు. పొద్దున్నే గుడ్ మార్నింగ్ మెసేజ్ పెట్టేవాణ్ని, రెండు నీలం టిక్కులు పడేవి, జవాబు ఉండేది కాదు. నేను డాక్టర్ల గుమ్మాల ముందు గంటలకొద్దీ నిలబడ్డవాణ్నే. ఈ నిలబడటం వేరు.

పదో రోజు తనే ఫోన్ చేశాడు. "ఆ ట్యాబ్ 2018లోనే నేను తీసుకున్నానన్నా, సార్ నాకే ఇచ్చారు. సిస్టమ్‌లో ఎక్కించలేదు" అన్నాడు నింపాదిగా. అంటే తొమ్మిది రోజులూ తెలుసు! నో డ్యూస్ పంపాడు, రెండు రోజులకు లెటర్ వచ్చింది. తీసుకుని స్టోర్‌కి పరిగెత్తాను. యూపీసీ గడువు నాలుగు రోజులే కాబట్టి కొత్తది తెప్పించుకుని మరీ వెళ్లాను. కుర్రాడు లెటర్ చూసి, "సార్, నంబర్‌లో ఆరు, తొమ్మిది తారుమారయ్యాయి" అన్నాడు. మళ్లీ అడ్మిన్ ఆవిడ, మళ్లీ లెటర్, మూడో యూపీసీ. కార్పొరేట్ కనెక్షన్‌కి మూడు కాదు, ఐదు పనిదినాలు. మధ్యలో ఆదివారం ఒకటి.

నాలాంటివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి చెప్తున్నాను. కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో మన పేరు మీద ఏయే నంబర్లు ఉన్నాయో చూసుకోవచ్చు. ఇంటి లెక్కలో చేర్చని నా రెండో సిమ్ నంబరుతో లాగిన్ అయి చూశాను, పదమూడేళ్ల నంబరు ఆ జాబితాలో లేదు. ఐదు నిమిషాల పని, ముందే చూసుంటే స్టోర్‌లో ఆ మాట పడేవాణ్ని కాదు. ఉద్యోగం మానేసేటప్పుడు పీఎఫ్, గ్రాట్యుటీ కాగితాలతో పాటు సిమ్ కాగితం కూడా అడగండి. మేనేజర్ నోటిమాట నమ్మకండి, ఎంత మంచివాడైనా. మారబోయే ముందు ఇంకో సంగతి, ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండి ఉండాలి. సిమ్ పోయి కొత్తది తీసుకుంటే వారం దాకా యూపీసీ రాదు. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ ఉంటే పోర్ట్ అయ్యాక అది పోయినట్టే, వ్యాలిడిటీ చివర్లో మారండి.

ఇవాళ పొద్దున కొత్త సిమ్‌కి వచ్చిన మొదటి ఫోన్ చీరాల మెడికల్ షాపాయనది, పారాసెటమాల్ స్టాకు కోసం. రెండోది ఆ ఏరియా మేనేజర్‌ది. పనైందా అన్నా అని అడిగాడు. అయింది సార్ అన్నాను, ఈసారి సార్ అనేటప్పుడు నవ్వొచ్చింది, తనూ నవ్వాడు.

సాయంత్రానికి పాత నెట్‌వర్క్ ఆఖరి బిల్లు మెయిల్‌లో వచ్చింది, 212 రూపాయలు. ఇది కట్టకపోతే పోర్ట్ అయిన నంబర్‌ని కూడా ఆపించగలరు, వదిలేయకండి. మొదటి లైనులో ఎవరి పేరుందో చదివి, అప్పుడు కట్టాను.